వానలో తీసుకున్న సంతకాలు

మా ఇళ్ల వెనకున్న అడవిని ఊరి కౌన్సిల్ అమ్మబోతోందని నాకు మొదట చెప్పింది మా పక్క వీధి చెల్లెలు. చెల్లెలు అంటున్నాను గానీ బంధువు కాదు. వాళ్లది కరీంనగర్ వైపు, మాది తెనాలి దగ్గర. అమెరికా వచ్చిన కొత్తలో పిస్కాటవేలో ఒకే అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లో ఉన్నప్పుడు లాండ్రీ రూంలో పరిచయమయ్యాం. తర్వాత కొన్ని మైళ్ల అవతల ఈ ఊళ్లో ఇంచుమించు ఒకేసారి ఇళ్లు కొనుక్కున్నాం. తను ఒక ఫార్మా కంపెనీ ల్యాబ్‌లో పని చేస్తుంది. నాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్.

వాళ్ల పెరటి కంచె దాటితే అడవే. అడవంటే పెద్దదేం కాదు. ఓక్ చెట్లు, మధ్యలో సన్నటి వాగు, సాయంత్రం పూట కంచె దాకా వచ్చే జింకలు. ఊరి ఆస్తి అది. ఎప్పటికీ అలాగే ఉంటుందని ఇల్లు అమ్మిన ఏజెంట్ చెప్పాడు, మేమూ నమ్మాం.

"అక్కా, రేపు మీటింగ్‌ల అడవి అమ్మనీకి ఓటేస్తరంట. డేటా సెంటర్ వస్తదంట. నువ్వు వస్తవా?" అని ఫోన్ చేసింది.

నేను సిటిజన్ అయి కొన్నేళ్లయింది. ప్రెసిడెంట్ ఎన్నికలప్పుడు ఓటేయడం తప్ప ఊరి కౌన్సిల్ హాల్ లోపల ఎలా ఉంటుందో కూడా చూడలేదు. ఆ సాయంత్రం ఇద్దరం నా కార్‌లో వెళ్లాం. పొడుగు బల్ల వెనక కౌన్సిల్ వాళ్లు కూర్చున్నారు. ముందు వరసలో మంచి సూట్ వేసుకున్న ఇద్దరు కూర్చున్నారు. వాళ్లు ఎవరితోనూ మాట్లాడలేదు, ఏదీ అడగలేదు. జనం ఒక్కొక్కరే మైక్ దగ్గరికి వెళ్లి ఇచ్చిన మూడు నిమిషాల్లో మాట్లాడి వచ్చారు. నీళ్లెంత వాడతారని ఒకాయన అడిగాడు. కంప్యూటర్లని చల్లబరిచే ఫ్యాన్ల మోత రాత్రంతా ఉంటుందా అని ఇంకొకామె అడిగింది. కౌన్సిల్ వాళ్లు తల ఊపుతూ అన్నీ రాసుకున్నారు. తర్వాత అడవి అమ్మకానికి రాసిన ఆర్డినెన్స్, అంటే ఊరి స్థాయి చట్టం, దాని నంబర్ క్లర్క్ చదివాడు. అందరూ ఒకరి తర్వాత ఒకరు "యెస్" అన్నారు. అంతే, అయిపోయింది. ముందు వరసలో ఉన్న ఇద్దరూ లేచి, కోట్లు సర్దుకుని, మేము బయటికి రాకముందే వెళ్లిపోయారు.

పార్కింగ్ లాట్‌లో ఒక పెద్దావిడ మమ్మల్ని ఆపింది. రిటైరైన స్కూల్ లైబ్రేరియన్. అమెరికన్, ఈ ఊళ్లోనే పుట్టి పెరిగిందట. మైక్ దగ్గర అందరికంటే నెమ్మదిగా మాట్లాడింది ఆవిడే.

"ఇంకా ఒక దారుంది" అంది. "ఈ రాష్ట్ర చట్టం ప్రకారం ఊరి ఓటర్లు చాలినంతమంది సంతకాలు పెడితే ఆ ఆర్డినెన్స్ ఆగిపోతుంది. కౌన్సిల్ దాన్ని వెనక్కి తీసుకోవాలి, లేదా బ్యాలెట్ మీద పెట్టి ఊరినే అడగాలి. కానీ ఇరవై రోజుల్లో ఇచ్చేయాలి."

"నేను సంతకం పెట్టొచ్చా?" అని అడిగింది మా చెల్లెలు.

"మీరు ఇక్కడ ఓటరా?"

"ఇంకా కాదు. గ్రీన్ కార్డ్. సిటిజన్‌షిప్‌కి అప్లై చేశాను, ఇంటర్వ్యూకి పిలవాలి."

పెద్దావిడ మా చెల్లెలి చెయ్యి పట్టుకుంది. "అయితే పెట్టకండి. పొరపాటున కూడా పెట్టకండి, మీ సిటిజన్‌షిప్‌కే ముప్పు."

ఇంటికొచ్చే దారిలో చెల్లెలు సిగ్నల్ దగ్గర కారు ఆగినప్పుడు అంది: "సంతకం పెట్టకపోతే ఏంది అక్కా. నీతో నిలబడొచ్చు కదా."

పెద్దావిడ, నేను, ఇంకో ముగ్గురు ఓటర్లం కలిసి పిటిషన్ కమిటీ అయ్యాం. చట్టం ఐదుగురే అడుగుతుంది. పక్క ఊరి లాయర్ ఒకాయన సాయం చేయడానికి ఒప్పుకున్నాడు. ఆయన మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పినవన్నీ విని, ఇంత చిన్న పనిలో ఇన్ని చోట్ల జారిపడొచ్చా అనిపించింది. సంతకం ఇంకుతోనే ఉండాలి. పేరు, అడ్రస్ ఓటర్ల జాబితాలో ఉన్నట్టే ఉండాలి. మొగుడి బదులు పెళ్లాం పెట్టకూడదు, పెళ్లాం బదులు మొగుడు పెట్టకూడదు. ప్రతి షీట్ చివరా దాన్ని సంతకాల కోసం తిప్పినవాళ్లు నోటరీ ముందు ప్రమాణం చేయాలి. ఈ కాగితాన్ని నేను, నేను మాత్రమే తిప్పాను, ప్రతి సంతకమూ నా కళ్ల ముందు పెట్టిందే అని. ఆ "నేను మాత్రమే" అన్న చోట లాయర్ వేలు పెట్టి ఆగాడు.

"కొనేవాళ్ల లాయర్లు వెతికేది ఇక్కడే" అన్నాడు.

మా చెల్లెలు కాగితం ముట్టుకోదని, పెన్ను కూడా ఇవ్వదని అప్పుడే అనుకున్నాం. మాట్లాడడానికి మాత్రం ఏ చట్టమూ అడ్డం రాదు.

వీకెండ్లలో ఇండియన్ గ్రోసరీ షాపు ముందు నిలబడ్డాం. ఓనర్‌ని అడిగి, కార్ట్‌లు పెట్టే చోటు పక్కన. తను ముందు నిలబడి, సంచులతో బయటికొచ్చే వాళ్లని నవ్వుతూ పలకరించేది. "అన్నా, సిటిజనా మీరు? ఈ ఊళ్లనే ఓటుందా?" అవునంటే నా వైపు చూపించేది. కాదంటే థాంక్స్ చెప్పి పంపేసేది. సగం మంది అక్కడే ఆగిపోయేవాళ్లు. హెచ్-వన్‌లో ఉన్న కుర్రవాళ్లు దూరం నుంచే చేతులూపి, "మేం కాదండీ, మాకు లేదండీ" అంటూ కార్ల వైపు వెళ్లిపోయేవాళ్లు. ఓటున్న వాళ్లు కూడా పెన్ను పట్టుకుని ఒక్క క్షణం ఆగి, "దీనివల్ల ఏం ప్రాబ్లం రాదు కదా?" అని అడిగేవాళ్లు. నేను ఏం రాదండీ అనేదాన్ని. అలా అనడానికి నాకు ఆలోచన కూడా అవసరం లేకపోయింది.

ఒక పెద్దాయన తన సంతకం పెట్టి, కింద గీతలో ఇంకో పేరు మొదలుపెట్టాడు. "మా ఆవిడది కూడా నేనే పెట్టేస్తానమ్మా, ఇంట్లో మా ఇద్దరికీ ఒకటే మాట" అన్నాడు.

"వద్దంకుల్. ఆంటీని రేపు తీసుకురండి."

ఆయనకి కోపం వచ్చింది. నేను ఆ సగం పేరు కొట్టేసి పక్కన నా పొడి అక్షరాలు వేశాను.

ఆఖరి శనివారం పొద్దుటి నుంచీ జల్లు పడుతూనే ఉంది. షాపు ముందున్న చూరు చిన్నది. అయినా ఆ రోజే జనం ఎక్కువ వచ్చారు. పండగ సరుకుల కోసం అనుకుంటా. నాలుగు షీట్లు నిండాయి. మధ్యలో ఎవరూ లేనప్పుడు ఒక్కసారి గాలి విసురుగా వచ్చింది. కాగితాలు పెట్టుకున్న అట్ట, మన పరీక్షలకు తీసుకెళ్లే అట్టలాంటిదే, నా చేతిలోంచి ఎగిరిపోయింది. మా చెల్లెలు రెండంగల్లో దాన్ని పట్టుకుని తడవకుండా కోటు కిందికి దూర్చుకుంది. నేను గొడుగు తెరిచేదాకా అలాగే నిలబడి, తర్వాత నాకిచ్చేసింది. ఇద్దరం నవ్వుకున్నాం.

లాట్‌కి అటు చివర ఒక బూడిద రంగు కారు చాలాసేపటి నుంచీ ఆగి ఉంది. వైపర్లు అప్పుడప్పుడూ ఒకసారి తిరిగేవి. షాపులో వాళ్ల కోసం ఎవరో ఎదురుచూస్తున్నారనుకున్నాను. మేము సర్దుకుని బయల్దేరినప్పుడు అదీ బయల్దేరింది.

షీట్లన్నీ గడువు లోపలే క్లర్క్‌కి అప్పజెప్పాం. ఆర్డినెన్స్ ఆగింది. సంతకాలు సరిచూస్తారు, కొన్ని రోజులు పడుతుందన్నారు. వారం తిరగకముందే నాకు మొదటి ఫోన్ వచ్చింది.

మా గుడిలో పరిచయమున్న ఒక డాక్టరమ్మ. గొంతు తగ్గించి మాట్లాడింది. "మా ఇంటికి ఒకతను వచ్చాడండీ. చాలా మర్యాదగా మాట్లాడాడు. నా సంతకం కాపీ చేతిలో ఉంది. ఇది మీరే పెట్టారా అని అడిగాడు. అవునన్నాను. ఎవరి ముందు పెట్టారు, పెన్ను ఎవరిచ్చారు అని అడిగాడు. తర్వాత ఒక ఫోటో చూపించాడు."

"ఏం ఫోటో?"

"మీరూ, మీ ఫ్రెండూ. వర్షంలో. అట్ట ఆవిడ చేతిలో ఉంది."

లాయర్‌ని అడిగాను. పిటిషన్ ఇచ్చేశాక అది పబ్లిక్ రికార్డు అన్నాడు. ఎవరు అడిగినా కాపీ ఇవ్వాల్సిందే. పేర్లు, అడ్రస్‌లు, సంతకాలు, అన్నీ. తలుపు తట్టడం నేరం కాదు. ప్రశ్నలడగడమూ కాదు. "చట్టం మీ చేతికి ఏది ఇచ్చిందో వాళ్ల చేతికీ అదే ఇచ్చింది" అన్నాడు.

తర్వాత ఫోన్లు వరసగా వచ్చాయి. ఒకామె భర్త ఇంట్లో లేనప్పుడు వచ్చాడట. ఒకాయన ఆఫీస్ నుంచి వచ్చేసరికి డ్రైవ్‌వే దగ్గర నిలబడి ఉన్నాడట. ఎవరినీ ఒక్క మాట అనలేదు. కార్డ్ ఇచ్చి, మీకేమైనా గుర్తొస్తే ఫోన్ చేయండి అని వెళ్లిపోయేవాడు. కొంతమంది నన్ను మా పేరు తీసేయించండి అని అడిగారు. కొంతమంది అడగలేదు. గుడిలో నన్ను చూసి ప్రసాదం వరసలోంచి పక్కకి జరిగారు. పోయిన నెల మా ఇంటికి పిల్లలతో సహా భోజనానికి వచ్చినవాళ్లే.

ఆదివారం పొద్దున పిండి కలుపుతుంటే మా ఇంటి బెల్ మోగింది. చేతులు తుడుచుకుని వెళ్లాను. అద్దం అవతల సన్నగా, పొడుగ్గా, శుభ్రంగా గడ్డం గీసుకున్న మనిషి. చేతిలో ఫోల్డర్. నా పేరు పూర్తిగా, తప్పు లేకుండా పలికాడు. ఇన్నేళ్ల ఆఫీసులో ఎవరూ అలా పలకలేదు.

"మీరు ఒక ప్రమాణం చేశారు. దాని గురించి రెండు మాటలు" అన్నాడు.

"మా లాయర్‌తో మాట్లాడండి."

"తప్పకుండా. ఇబ్బంది పెట్టాలని రాలేదు. అబద్ధపు ప్రమాణం అనేది చాలా పెద్ద మాట, నేనైతే అలాంటి మాట వాడను. వాడేవాళ్లు ఉంటారు." అతను మెట్టు దిగబోయి ఆగాడు. "మీ స్నేహితురాలికి తను ఎందులో ఇరుక్కుందో తెలుసా? ఆమె అప్లికేషన్ ఇంకా పెండింగ్‌లో ఉంది కదా?"

అతను జవాబు కోసం చూడలేదు. పచ్చిక తొక్కకుండా కాలిబాట మీదుగానే వెళ్లి కారెక్కాడు. బూడిద రంగు కారు. ఆమె అప్లికేషన్ సంగతి అతనికెలా తెలిసిందో నాకు ఇప్పటికీ తెలియదు. తెలిసినవాళ్లం చాలా కొద్దిమందిమి. ఆ కొద్దిమందిలో ప్రతి ఒక్కరినీ నేను మనసులో అనుమానించాను. ఆ మనిషి మాకు చేసిన చెడులో అదీ ఒకటి.

సరిచూడడం అయింది. చాలా సంతకాలు కొట్టేశారు. అడ్రస్ మారినవి, ఓటు లేనివి, ఒకే చేతిరాతలో ఉన్నవి. అయినా కావలసినదానికంటే కాస్త ఎక్కువే మిగిలాయి. మేం ఊపిరి పీల్చుకునేలోపే కొనబోయే కంపెనీ తరఫున కోర్టులో కేసు వేశారు. వానరోజు నాలుగు షీట్లూ చెల్లవని, వాటిని ప్రమాణం చేసినామె ఒక్కతే తిప్పలేదని, ఓటరు కాని ఒక విదేశీయురాలు కూడా తిప్పిందని. ఫోటో జతచేశారు. కాగితాల్లో మా చెల్లెలి పేరు ఇంటి పేరుతో సహా ఉంది. ఆ నాలుగు షీట్లు పోతే లెక్క చాలదు. గడువు ఎప్పుడో అయిపోయింది. మళ్లీ తిరగడానికి లేదు.

"ఆ అట్ట ఆమె చేతిలో ఉన్నప్పుడు ఏం జరిగిందో మీరు చెప్తారు" అన్నాడు లాయర్ నాతో. "కానీ మీ మాట మీ ప్రమాణాన్ని కాపాడుకోవడానికే అన్నట్టు ఉంటుంది. ఆమె వచ్చి చెప్తే వేరు. నేనైతే ఆమెను రమ్మని కోర్టు కాగితం పంపను. అడగడం వరకే."

వాళ్లింటికి వెళ్లాను. వంటింట్లో తను పిల్లల లంచ్ బాక్సులు కడుగుతోంది. వాళ్లాయన బల్ల దగ్గర ల్యాప్‌టాప్ ముందు ఉన్నాడు. మెతక మనిషి. నన్ను వదినగారూ అని పిలుస్తాడు. ఆ రోజు కూర్చోమని కూడా అనలేదు.

"పదిహేనేళ్లయింది వదినగారూ మేమీ దేశం వచ్చి" అన్నాడు. "ఎన్నిసార్లు వీసా స్టాంపింగ్, ఇంకా రుజువులు కావాలంటూ ఎన్ని ఆర్‌ఎఫ్‌ఈలు, రెండుసార్లు లేఆఫ్. ఇప్పుడు ఇంటర్వ్యూ లెటర్ వచ్చింది. ఓటు గురించి, ఎలక్షన్ గురించి వాళ్లు అడుగుతారు. దీన్ని కోర్టులో నిలబెట్టి, ఎలక్షన్ కేసులో సాక్ష్యం చెప్పమంటారా? ఏ ఆఫీసర్ ఎలా తీసుకుంటాడో మీకు తెలుసా? ఇప్పుడున్న రోజులు ఎలాంటివో మీకు తెలియదా?"

నాకు తెలుసు. ఆయన అన్నదాంట్లో కాదనడానికి ఏమీ లేదు.

"నేను అడగడానికి రాలేదు. పేరు కాగితాల్లో వచ్చిందని చెప్పడానికి వచ్చాను" అన్నాను. సగం నిజం.

తను వెనక్కి తిరగలేదు. సింక్ పైన కిటికీలోంచి బయటికి చూస్తూ ఉంది. కంచె అవతల చెట్లకి పింక్ రిబ్బన్లు కట్టి ఉన్నాయి. నేను చూడడం అదే మొదలు.

"మొన్న సర్వేవాళ్లు వచ్చి కట్టిండ్రు" అంది. "కోర్టు అయ్యేదాకా కొలతలు తీసుకోవచ్చంట. ఒకటి మా కంచె లోపల మేపుల్ చెట్టుకి కూడా కట్టిండ్రు. పొరపాటంట. విప్పెయ్యమంటే మళ్లీ వస్తమన్నరు."

ఆ రిబ్బను గాలికి మెల్లగా ఊగుతోంది. ఆయన లేచి కిటికీ బ్లైండ్ కిందికి దించాడు.

హియరింగ్ రోజు కోర్టు మెట్ల దగ్గర మేం ముగ్గురమే ఉన్నాం, లాయర్, పెద్దావిడ, నేను. సంతకాలు పెట్టినవాళ్లలో ఒక్కరూ రాలేదు. సెక్యూరిటీ దాటి లోపలికి వెళ్లేసరికి బెంచీ మీద మా చెల్లెలు కూర్చుని ఉంది. ల్యాబ్ బ్యాడ్జి మెడలోనే ఉంది.

"ఆయనకు ఆఫీస్‌కి పోతున్న అని చెప్పిన" అంది. తర్వాత, "నేను చెయ్యని పని నేను చేసిననని రాసిండ్రక్కా. ఊకుంటే ఒప్పుకున్నట్టే కదా."

నేను తన చెయ్యి పట్టుకున్నాను. కోర్టు హాల్లోకి వెళ్లేదాకా నేను వదల్లేదు.

అవతలి లాయర్ కౌన్సిల్ హాల్లో ముందు వరసలో చూసిన ఇద్దరిలో ఒకడు. సాక్షి కుర్చీలో ఉన్న మా చెల్లెలి మీద గొంతు పెంచలేదు.

"మీరు ఈ దేశ పౌరులా?"

"కాదు."

"ఈ ఊళ్లో ఓటరా?"

"కాదు."

"ఓటర్లే సంతకం పెట్టాలని మీకు తెలుసా?"

"తెలుసు. అందుకే అక్కడ నిలబడ్డాను. ఓటు లేనివాళ్లు తెలియక పెట్టేస్తారని. వాళ్లని నేను ముందే ఆపేశాను."

"ఈ ఫోటోలో పిటిషన్ ఎవరి చేతిలో ఉంది?"

"నా చేతిలో. గాలికి ఎగిరిపోయింది. పట్టుకున్నాను. ఆమె గొడుగు తెరిచాక ఇచ్చేశాను."

"ఆ సమయంలో ఎంతమంది సంతకం పెట్టారు?"

"ఎవరూ పెట్టలేదు. కాగితాలు నా కోటు లోపల ఉన్నాయి."

అతను కాగితాలు తిరగేశాడు. "ఓటు హక్కు లేని మనిషికి ఈ ఊరి ఓటు మీద ఇంత ఆసక్తి ఎందుకో కోర్టుకి చెప్తారా?"

మా లాయర్ లేచి అభ్యంతరం చెప్పాడు. జడ్జి, నెరిసిన జుట్టుతో అలసటగా కనిపించే ఒకామె, జవాబు చెప్పాల్సిన అవసరం లేదంది. అయినా మా చెల్లెలు చెప్పింది.

"నా ఇల్లు అక్కడుంది."

తీర్పు కొన్ని రోజుల తర్వాత వచ్చింది. గాలికి ఎగిరిన కాగితాన్ని పట్టుకోవడం తిప్పడం కిందికి రాదని, సంతకం అడిగినదీ తీసుకున్నదీ ఎవరన్నదే చట్టం చూస్తుందని రాశారు. నాలుగు షీట్లూ నిలబడ్డాయి. అడవి ప్రశ్న నవంబర్ బ్యాలెట్ మీదికి వెళ్తుంది. పెద్దావిడ నాకు ఫోన్ చేసి తీర్పు మొత్తం చదివి వినిపించింది. అందులో మా చెల్లెలి పేరు చాలాసార్లు వచ్చింది. గెలిచిన తీర్పులో ఉన్నా, అది కోర్టు రికార్డే. ఎవరైనా, ఎప్పుడైనా, ఎక్కడి నుంచైనా చదవచ్చు.

గెలిచామని అనుకోవడానికి లేకుండా ఇంకో చిక్కు వచ్చింది. బ్యాలెట్ మీద ప్రశ్న చట్టం చెప్పిన తీరులోనే ఉంటుందట. ఈ ఆర్డినెన్స్‌ని ఆమోదిస్తారా, అని. అంటే అడవి ఉండాలనుకునేవాళ్లు "నో" అనాలి, పోవాలనుకునేవాళ్లు "యెస్" అనాలి. మేము ఇన్నాళ్లూ అడవి కోసం సంతకం పెట్టండి అని తిరిగాం. ఇప్పుడు అదే మనుషులకి వద్దు అని ఓటేయండని చెప్పాలి. అక్టోబర్‌లో ప్రతి ఇంటికీ మెరిసే కార్డులు రావడం మొదలైంది. పచ్చటి చెట్లు, ఆడుకునే పిల్లలు, కింద "యెస్". ఎవరు పంపారో చూద్దామని తిప్పితే నేనెప్పుడూ వినని ఒక కమిటీ పేరు, ఒక పోస్ట్ బాక్స్ నంబర్. మా డాక్టరమ్మ నాకు ఫోన్ చేసి సంతోషంగా చెప్పింది, కార్డ్ వచ్చింది, తప్పకుండా యెస్ వేస్తానని. అప్పుడు నాకు వచ్చిన భయం ఆ ఫోల్డర్ మనిషిని చూసినప్పుడు కూడా రాలేదు.

ఎన్నిక రోజు నేనూ పెద్దావిడా పోలింగ్ జరిగే స్కూలు బయట, తలుపు నుంచి చట్టం చెప్పినంత దూరంలో, పేవ్‌మెంట్ మీద సుద్దతో గీసిన గీత అవతల నిలబడ్డాం. గీత దాటితే కేసు. ఒక వాలంటీర్ మమ్మల్నే చూస్తూ రోజంతా కుర్చీలో కూర్చున్నాడు. వచ్చిన ప్రతివాళ్లకీ ఒకటే మాట. "అడవి ఉండాలంటే నో." సాయంత్రానికి నా గొంతు పోయింది. మా చెల్లెలు రాలేదు. ఆ రోజు ఆ వీధిలోకే రావద్దని నేనే చెప్పాను.

తక్కువ తేడాతో "నో" గెలిచింది. ఆర్డినెన్స్ రద్దయింది. పెద్దావిడ ఇంట్లో కమిటీ అంతా టీ తాగాం. ఎవరో అడిగారు, ఇక అయిపోయినట్టేనా అని. పెద్దావిడ కప్పు కింద పెట్టింది.

"ఈ ఆర్డినెన్స్ పోయింది. ఇంకొకటి రాయకూడదని చట్టంలో ఎక్కడా లేదు" అంది.

మా చెల్లెలి ఇంటర్వ్యూ ఆ ముందు నెలలోనే అయింది. ఎప్పుడైనా ఓటేశారా, ఎప్పుడైనా ఓటరుగా నమోదయ్యారా అని ఆఫీసర్ అడిగాడు. లేదంది. ఎప్పుడైనా కోర్టు వ్యవహారం ఏదైనా ఉందా అంటే, ఉన్నదున్నట్టు చెప్పింది. అతను చాలాసేపు టైప్ చేసుకున్నాడట. చివర్లో చేతికిచ్చిన కాగితంలో, ఇప్పుడే నిర్ణయం తీసుకోలేము అన్న గడిలో టిక్ ఉంది. ఆ తర్వాత ఏ కబురూ లేదు. తనతో పాటు అదే వారం ఇంటర్వ్యూ అయినవాళ్లు సిటిజన్లుగా ప్రమాణం చేసి, ఇండియా వెళ్లి, తిరిగి కూడా వచ్చారు. తను వాళ్ల నాన్నగారి కంటి ఆపరేషన్‌కి వెళ్లాలనుకుంది, వెళ్లలేదు. దేశం బయటికి వెళ్తే తిరిగి రానిస్తారో లేదోనని వాళ్లాయన టికెట్ బుక్ చేయనివ్వలేదు. ఆ శీతాకాలమంతా ఆయన నాతో మాట్లాడలేదు. తను మాట్లాడేది, కానీ ఫోన్‌లో కాదు. వాకింగ్‌కి వచ్చినప్పుడు, ఫోన్లు ఇంట్లో పెట్టి రమ్మని చెప్పి. ఇదివరకు అందరితో గలగలా మాట్లాడే మనిషి పక్కనుంచి కారు మెల్లగా వెళ్తే మాట ఆపేసేది. వెళ్లిపోయాక కూడా వెంటనే మొదలుపెట్టేది కాదు.

ఎండాకాలంలో ఆమోదం వచ్చింది. ఆలస్యం ఎందుకైందో ఎవరూ చెప్పలేదు. కోర్టు కేసు వల్లనా, మామూలుగా అయ్యే ఆలస్యమా, మాకు తెలిసే దారి లేదు. తను ప్రమాణం చేసిన రోజు నేను వెళ్లాను. అక్కడే ఒక బల్ల దగ్గర ఓటరుగా నమోదు చేస్తుంటే వాళ్లాయనే తీసుకెళ్లి ఫారం నింపించాడు. నన్ను చూసి, చాలాకాలం తర్వాత, "వదినగారూ, భోజనానికి రండి" అన్నాడు. అన్నీ సర్దుకున్నాయనుకున్నాను.

చలి మొదలయ్యే ముందు కౌన్సిల్ ఎజెండాలో కొత్త ఆర్డినెన్స్ కనిపించింది. ఈసారి అడవి మొత్తం కాదు, వాగుకి ఇటు వైపు భాగం మాత్రమే. అంటే మా ఇళ్ల వైపుది. కొనేది వేరే పేరున్న కంపెనీ, అడ్రస్ మాత్రం పాతదే. మళ్లీ అందరూ "యెస్" అన్నారు. మళ్లీ ఇరవై రోజులు. పెద్దావిడకి ఇప్పుడు నడవడానికి వాకర్ కావాలి. అయినా కమిటీలో మొదటి పేరు ఆవిడదే.

కొత్త షీట్లతో నేను మొదట వెళ్లింది మా చెల్లెలి ఇంటికే. తలుపు తీసి, నా చేతిలో ఉన్నది చూసి, "అక్కా, అది కార్‌లో పెట్టి రా" అంది మెల్లగా.

పెట్టి వచ్చాను. టీ ఇచ్చింది. వంటింటి కిటికీ బ్లైండ్ దించే ఉంది.

"నేను సంతకం పెట్టను" అంది. "పెట్టొచ్చని తెల్సు. ఇప్పుడు నా పేరు జాబితాల ఉంది. నన్నెవరూ ఏం చెయ్యలేరని కూడా తెల్సు. లాయర్ కూడా గదే అంటడు. కానీ నా పేరు మళ్లీ ఒక కాగితం మీద రాస్తే, అది ఎక్కడెక్కడికి పోతదో ఆలోచించుకుంట నాకు నిద్ర పట్టదు."

"సరే" అన్నాను.

"నువ్వు ఏమన్న అనుకుంటున్నవా?"

"లేదు."

నిజంగానే ఏమీ అనుకోలేదు. కోర్టులో నిలబడి చెప్పిన మనిషికి నేను ధైర్యం గురించి ఏం చెప్పను. ఓటు రోజు ఓటేస్తానంది. "అదైతే ఎవరికీ కనపడదు కదా" అంది. గుమ్మం దాకా వచ్చి, నేను కారెక్కేదాకా నిలబడింది.

తర్వాతి ఇంట్లో ఈ మధ్యనే దిగిన జంట. హైదరాబాద్ వాళ్లు. ఇద్దరూ సిటిజన్లే. లోపల ఇంకా విప్పని అట్టపెట్టెలు కనిపిస్తున్నాయి. విషయం చెప్పాను. అడవి చూసే ఇల్లు కొన్నామండీ అంది ఆ అమ్మాయి, వెంటనే పెన్ను తీసుకుంది. రాయబోతూ ఆగి అడిగింది.

"దీనివల్ల ఏం ప్రాబ్లం రాదు కదా ఆంటీ?"

పోయినసారైతే మాట పూర్తికాకముందే జవాబు చెప్పేదాన్ని. ఈసారి ఉన్నది చెప్పాను. మీ పేరు, అడ్రస్, సంతకం పబ్లిక్ రికార్డ్ అవుతాయి. ఎవరైనా కాపీ తీసుకోవచ్చు. ఒకతను ఫోల్డర్ పట్టుకుని మీ ఇంటికి రావచ్చు. మర్యాదగానే మాట్లాడతాడు. మీరు జవాబు చెప్పక్కర్లేదు.

ఆ అమ్మాయి భర్త వైపు చూసింది. అతను వీధి వైపు చూశాడు, ఆ చివర నుంచి ఈ చివర దాకా.

"కొంచెం ఆలోచించుకుని చెప్తామండీ" అన్నాడు, పెన్ను నాకు తిరిగిస్తూ.

తలుపు మెల్లగా మూసుకుంది. నేను మెట్లు దిగుతుండగా లోపల గడియ వేసిన చప్పుడు వినిపించింది. ఆ వీధిలో నేను వెళ్లాల్సిన ఇళ్లు ఇంకా చాలా ఉన్నాయి. షీట్ మీద ఒక్క పేరు కూడా లేదు.